బుడమేరు సంగతి చివర్లోనా సార్?

కొత్త అసెంబ్లీ సమావేశాల్లో ఏమేం అడుగుతారో చెబుతూ మా ఎమ్మెల్యే గారు ఇచ్చిన జాబితా చదివాను. రోడ్లు, పార్కులు, వీధిదీపాలు... బాగానే ఉంది. బుడమేరు వాగు గురించి మాత్రం చివర్లో ఒక్క ముక్క! 2024 సెప్టెంబరులో ఆ వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఫ్రిజ్, బీరువా, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ నీళ్లపాలయ్యాయి. ఇప్పటికీ వాన గట్టిగా పడితే టెన్షనే. మళ్లింపు కాలువ నీళ్లు కృష్ణలో కలవాలి కదా, కృష్ణే నిండుగా ఉంటే అవి ఎటు పోతాయి? నక్షత్ర గుర్తు ప్రశ్న వేయండి సార్. మంత్రిగారు సభలోనే లేచి జవాబు చెప్పాలి, మీరు అనుబంధ ప్రశ్నలూ అడగొచ్చు. గుర్తు లేని ప్రశ్నకైతే కాగితం మీద జవాబొస్తుంది, అంతే. గండ్లు పూడ్చారు, సరే. కట్టలు బలపరిచే పని ఎప్పటికి పూర్తవుతుందో తేదీతో సహా చెప్పించండి. పార్కు కాస్త ఆలస్యమైనా మాకు ఫర్వాలేదు.