అప్పు కంటే ఎక్కువగా నమిలేది దాపరికమే

నెలలో 5వ తేదీ దగ్గరపడితే చాలు, మా బాబాయి కొడుకు ఫోన్ సైలెంట్‌లోకి వెళ్లిపోయేది. అన్నం తినేటప్పుడు కంచం పక్కన బోర్లా పెట్టుకునేవాడు. అది గుర్రుమన్నప్పుడల్లా ముద్ద చేతిలోనే ఆగిపోయేది. ఏమైందిరా అంటే, "ఏం లేదన్నా, ఆఫీసులో టెన్షన్" అనేవాడు. నిద్ర పట్టడం లేదని, కడుపులో మంటగా ఉందని డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లాడు. తిండి గురించి అడిగారు, నిద్ర గురించి అడిగారు. అప్పులేమైనా ఉన్నాయా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం తనే నోరు విప్పాడు. పాత నోటుబుక్కు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. బైక్ లోను, రెండు క్రెడిట్ కార్డులు, చెల్లెలి పెళ్లికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన బాకీ, స్నేహితుల దగ్గర చేబదుళ్లు, ఇవన్నీ కట్టడానికి తీసుకున్న నాలుగు యాప్ లోన్లు. కింద గీత గీసి మొత్తం కూడితే, వాడు భయపడుతున్న అంకె కంటే తక్కువే తేలింది. ఒక్క రూపాయి కూడా తీరలేదు గానీ, ఆ రాత్రి వాడికి నిద్ర పట్టింది.

డబ్బుకు కటకటగా ఉంటే బుర్ర పనిచేయదని మనవాళ్లు ఊరికే అనరు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తర్కానికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. ఆ ఫలితాలు 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. మనుషులు వాళ్లే, కానీ డబ్బు రాకముందు బాగా తడబడ్డారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినవాడిని బుద్ధి లేదని తిట్టేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి.

అయితే మన దగ్గర కటకట కంటే ఎక్కువగా మనిషిని కుంగదీసేది నలుగురికీ తెలిసిపోతుందన్న భయం. వసూలు చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్, అంటే మహిళల గ్రూపులకు చిన్న చిన్న అప్పులిచ్చే సంస్థల, సంక్షోభం నాటి సంగతే చూడండి. వారం వాయిదా కట్టలేని మహిళ ఇంటి ముందు అదే గ్రూపులోని ఇరుగుపొరుగును కూర్చోబెట్టేవారు. ప్రాణాలు పోయాక, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఇళ్ల మీదికి వెళ్లే వసూళ్లకు అడ్డుకట్ట వేసింది. పదేళ్లు గడిచాక, 2020 డిసెంబరులో, హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేశారు. అప్పటికి గడప ముందు మనుషులు కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది. ఫోన్‌లోని కాంటాక్ట్ లిస్టు చాలు. మేనమామకు, మేనేజరుకు, పాత క్లాస్‌మేట్‌కు ఒకేసారి మెసేజ్ వెళ్లేది. పద్ధతి మారింది గానీ, నొక్కిన చోటు అదే.

రిజర్వు బ్యాంకు 2022లో లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదని చెప్పింది. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని కూడా ఆ ఏడాదే చెప్పింది. మంచి నిబంధనలే. కానీ ఇంట్లో చెప్పుకోలేనివాడు ఫిర్యాదు చేయడానికి మాత్రం ఎలా వస్తాడు? ఫిర్యాదు చేస్తే అప్పు సంగతి బయటపడుతుంది కదా! ఆ సిగ్గు ఉన్నంతకాలం ఏజెంటుకు రూలుతో పనిలేదు.

అందుకే దీన్ని పొదుపు పాఠాలతో సరిపెట్టడం నాకు నచ్చదు. భర్త జీతమెంతో భార్యకు, భార్య తాకట్టు పెట్టిన గాజుల సంగతి భర్తకు తెలియని ఇళ్లు మనకు కొత్త కాదు. దిగులు భరించలేని స్థాయికి చేరితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా తమ్ముడికి ఆ రోజు ధైర్యం చెప్పే మాట ఎంత పనిచేసిందో, ముందు ఏ బాకీ తీర్చాలో తేల్చిన లెక్క కూడా అంతే పనిచేసింది. ఫోన్‌లో ఓదార్చేవారి పక్కన, ఆస్పత్రిలో మానసిక వైద్యుడి గది పక్కన, నోటుబుక్కు తెరిచి ఆ లెక్క రాసిపెట్టే మనిషి ఒకరు ఉండాలి.