మహారాజశ్రీ చెక్క ఫ్లోరింగ్ గారికి, ఒంగోలు నుంచి

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మేమిక్కడ ఉక్కలో క్షేమం. మీరు షోరూం ఏసీలో క్షేమమని వేరే చెప్పాలా!

మా ముందుగది 12 అడుగులకి 10. పాత టైల్స్ కొన్ని పగిలాయి, కొన్ని కాలు పెడితే డొల్లగా మోగుతున్నాయి. వాటిని సాగనంపి మిమ్మల్ని తెద్దామని మా పిల్లలు తీర్మానం చేశారు. నిధులు మాత్రం నేను పాడిన చీటీ డబ్బులు.

షోరూం కుర్రాడు లెక్క కట్టాడు. 120 ఎస్ఎఫ్‌టీ, కోతల్లో పోయేదానికి పది శాతం కలిపి 132. అసలు టేకు అయితే ఎంతవుతుందో చెప్పేముందు మంచినీళ్లు తెప్పించాడు. ఆ మర్యాదతోనే నాకు విషయం బోధపడింది. మొహం చూసి జాలిపడి, "మీ బడ్జెట్‌కి లామినేట్ ఉంది సార్, ఎవరూ తేడా పట్టలేరు" అన్నాడు. ముక్క అంచు తిప్పి చూశాను. 8 మిల్లీమీటర్ల మందం, చెక్కపొడి నొక్కిన అట్ట, దానిమీద కాగితంపై అచ్చేసిన టేకు బొమ్మ, ఆ పైన గట్టి పొర. నాలుగు పలకలు పక్కపక్కన పేర్చితే ఒకే ముడి, అదే వంకరతో, మళ్లీ మళ్లీ ప్రత్యక్షం. అంటే మా ఇంటికొచ్చేది తమరు కాదు, తమరి ఫొటో! మేం పెద్దవాళ్ల ఫొటోలు గోడకి తగిలించి దండేస్తాం. మీ ఫొటో మీద మాత్రం చెప్పులేసుకుని తిరగొచ్చట.

ఇంకో సంగతి. మాకు కూతవేటు దూరంలోనే చీమకుర్తి. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ అక్కణ్నుంచి ఓడలెక్కి దేశాలు పోతుంది. అటు మార్కాపురం పలక మీద ఎన్ని ఊళ్ల పిల్లలు అ ఆలు దిద్దారో. ఇంత రాతి మీద పుట్టి మేం మీకోసం ఎదురుచూస్తున్నాం. మీలో విదేశీ ఓకు దొరలు మా గ్రానైట్‌కి నడిసముద్రంలో ఎదురుపడి, "ఎందాకా?" అని పలకరించుకునే ఉంటారు.

మేస్త్రి మంచివాడు. "టైల్స్ పగలగొట్టబాకన్నా. కూలీ, రద్దు ఎత్తడానికి ట్రాక్టరు, మళ్లీ సిమెంటు లెవలు... నీ చీటీ డబ్బులు అక్కడికే సరి. డొల్లవి ఊడదీసి పూడ్చి, ఫోమ్ షీటు పరిచి పైన ఏసేద్దాం" అన్నాడు. నేల ఎత్తు పెరిగి తలుపు రాసుకుంటుంది గనక దాని కింద చిత్రిక పట్టాలట. చుట్టూ గోడకి 10 మిల్లీమీటర్ల ఎడం వదలాలట, చెమ్మకి తమరు ఉబ్బుతారని. ఉబ్బడానికి కూడా స్థలం కేటాయించుకునే అతిథిని ఇప్పుడే చూస్తున్నాను.

అసలు పేచీ మా అమ్మతో. శుక్రవారం బకెట్లతో నీళ్లు గుమ్మరించి, చీపురుతో గడప దాటిస్తేనే ఆవిడ లెక్కలో ఇల్లు కడిగినట్టు. గట్టిగా పిండిన గుడ్డతోనే మిమ్మల్ని తుడవాలని, అతుకుల్లో నీళ్లు నిలిస్తే అంచులు పొంగి మళ్లీ దిగవని చెప్పాను. "అది నేలా, జరమొచ్చిన బిడ్డా?" అంది.

నవంబరు వాయుగుండాల సంగతి మీకు తెలిసినట్టు లేదు. 2021లో పెన్న పొంగినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుకట్టే కోసుకుపోయింది. 8 మిల్లీమీటర్లతో తమరేం నిలుస్తారు? ఇక చెదల గురించి రాయను. మీ మనసు నొప్పించడం నా ఉద్దేశం కాదు.

చివరికి మేస్త్రి, డొల్ల టైల్ తీసిన చోట పాలిథిన్ ముక్క పరిచి నాలుగువైపులా టేపేసి, ఒక రోజు వదిలేశాడు. మర్నాడు చూస్తే కవరు లోపల ముత్యాల్లా నీటిచుక్కలు. నేలలో చెమ్మ. ముందుగది పదవి మీకు దక్కదు. పూడ్చిన గుంటల్లో చీమకుర్తి తుక్కుముక్కలు అతికిస్తున్నాం. ఒక్కటీ ఇంకోదానికి జత కుదరలేదు, అయినా బాగానే ఉంది.

మేడ మీద చిన్నగది ఖాళీ. భూమి చెమ్మ రాదు, అమ్మకి మోకాళ్ల నొప్పులు గనక బకెట్టూ రాదు. ఇష్టమైతే అక్కడికి దయచేయండి, ఫొటో రూపంలోనే.

ఇట్లు,
చీటీ వాయిదాలు ఇంకా కడుతున్న ఒక గృహస్థు

తాజా కలం: మెట్లు ఇరుకు. మీ పలకల పెట్టె నాలుగడుగుల పొడవట, మలుపు దగ్గర తిరుగుతుందో లేదో కొలుచుకుని మరీ బయల్దేరండి.