మర్నాడు మంచం దిగలేకపోతేనే మంచి ట్రైనరా?

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఆరోసారి వచ్చింది. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూపులో, నిన్న రాత్రి ఏకంగా మా బాబాయి దగ్గర్నుంచి. "అమ్మాయ్, నువ్వు ఈ పనిలోనే ఉన్నావు కదా, ఇవన్నీ నిజమేనా?" అని కింద రాశాడు. పైన "మంచి పర్సనల్ ట్రైనర్‌కి 8 గుర్తులు" అని హెడ్డింగ్, చివర "కనీసం పది మందికి పంపండి" అని. విజయవాడలో 12 ఏళ్లుగా ట్రైనర్‌గా చేస్తున్నాను, ఇలాంటివి ఎన్నో చూసి వదిలేశాను. కానీ బాబాయికి 58 ఏళ్లు, బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాడు, వచ్చే నెల జిమ్‌లో చేరతాడట, ఈ లిస్టు చేతిలో పట్టుకుని ట్రైనర్‌ని ఎంచుకుంటాడట. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మొదటిది, "తనకే సిక్స్‌ప్యాక్ లేనివాడు మీకేం తెప్పిస్తాడు". రమాకాంత్ ఆచ్రేకర్ ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడింది ఒక్కటే మ్యాచ్, స్టేట్ బ్యాంక్ తరఫున మొయినుద్దౌలా టోర్నమెంట్‌లో. సచిన్‌ని తయారు చేసింది ఆయనే. చేయడం వేరు, చేయించడం వేరు. ట్రైనర్ పొట్ట చూసే బదులు, ఏడాది నుంచి ఆయన దగ్గరే ఉన్నవాళ్లు ఎంతమందో అడగండి, వాళ్లలో మీ వయసు వాళ్లు, మీలాంటి మోకాళ్లున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి. ఇరవై రెండేళ్ల కుర్రాడి కండలు చూసి యాభై ఎనిమిదేళ్ల గుండెని అప్పజెప్పకూడదు.

రెండోది. నేను రాయడానికి కూర్చుందే దీనికోసం. మెసేజ్‌లో ఎలా ఉందో అలాగే దించుతున్నాను: "మొదటి రోజు వర్కౌట్ అయ్యాక మర్నాడు మంచం దిగలేకపోవాలి. నొప్పి లేకపోతే ఫలితం లేదు. నొప్పి అనగానే ఆపేసే ట్రైనర్‌ని వెంటనే మార్చేయండి."

మా పెద్దమ్మ కొడుక్కి 31 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాలేజీ అయిపోయాక ఆటా లేదు పాటా లేదు, కుర్చీయే లోకం. పోయినేడు ఒక జిమ్‌లో చేరి పీటీకి, అంటే పర్సనల్ ట్రైనింగ్‌కి, డబ్బు కట్టాడు. మొదటి రోజే లెగ్ డే, అంటే అంతా కాళ్ల వ్యాయామమే. స్క్వాట్లు, లంజెస్, మళ్లీ స్క్వాట్లు, కాళ్లు వణుకుతున్నాయన్నా అంటే "మైండ్ స్ట్రాంగ్‌గా పెట్టుకో బ్రో, ఇంకో ఇరవై". మర్నాడు మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగాడట, ఆ సంగతి గ్రూపులో పెడితే అందరం నవ్వే బొమ్మలు పెట్టాం, నేను కూడా పెట్టాను, అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. మూడో రోజు తొడలు వాచి రాళ్లలా బిగిసిపోయాయి. పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, మూత్రం కోలా రంగులో వస్తోంది, నీళ్లు తక్కువ తాగానేమో కదా?" అన్నాడు. వెంటనే ఆసుపత్రికి వెళ్లమన్నాను. కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీకే అని ఒక రక్తపరీక్ష ఉంటుంది, మామూలుగా 200 అటూ ఇటూ ఉండాలి. వాడికి 40 వేలు దాటింది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు: అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా విరగదొబ్బితే కణాలు పగిలిపోయి, లోపలి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి, కిడ్నీల మీద పడుతుంది. ఐదు రోజులు సెలైన్లు ఎక్కించారు. డయాలసిస్ దాకా పోలేదు, అంతవరకు అదృష్టం. మెసేజ్ లెక్కన ఆ ట్రైనర్‌కి నూటికి నూరు మార్కులు పడతాయి, మావాడు నిజంగానే మంచం దిగలేకపోయాడు కదా!

అందరికీ ఇంత జరగదు, తెలుసు. కొత్తగా మొదలుపెట్టిన ఎవరికైనా ఒకటి రెండు రోజులు ఒళ్లు పట్టేసినట్టు ఉంటుంది, 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది. ముఖ్యంగా బరువుని కిందికి దించేటప్పుడు, కండరం సాగుతూ పనిచేసినప్పుడు వచ్చే నొప్పి అది. కానీ అదే వర్కౌట్ వారం తర్వాత మళ్లీ చేస్తే నొప్పి బాగా తగ్గుతుంది, ఎందుకంటే ఒళ్లు అలవాటు పడింది. అంటే ఈ మెసేజ్ ప్రకారం మీరు బాగుపడేకొద్దీ మీ ట్రైనర్ చెడ్డవాడైపోతాడు. ఇది రాసినవాళ్లు ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే వాళ్లకే తట్టేది.

అసలు తప్పంతా "నొప్పి" అనే ఒక్క మాటలో ఉంది. మా అమ్మమ్మ మోకాలి గురించి చెప్పేటప్పుడు ఎన్ని మాటలు వాడేది! లాగుతోంది, సలుపుతోంది, పోటు పొడుస్తోంది, గుచ్చుతోంది, తిమ్మిరెక్కింది, పట్టేసింది, మండుతోంది. ఏ రెండూ ఒకటి కావు. మంచి ట్రైనర్ చేసే మొదటి పని, క్లయింట్ "నొప్పి" అనగానే "ఏ నొప్పి? ఎక్కడ?" అని అడగడం. సెట్ చివర్లో తొడలు రెండూ మండుతుంటే సరే, ఇంకో రెండు రెప్స్, అంటే ఇంకో రెండుసార్లు, చేయించవచ్చు. ఒక్క మోకాలి లోపలే గుచ్చుతోందంటే అక్కడితో ఆపాలి. నడుములోంచి కాలిలోకి జివ్వుమని లాగితే ఆపాలి. గుండె మీద బరువు పెట్టినట్టుందన్నా, దవడ గానీ ఎడమ చెయ్యి గానీ లాగుతోందన్నా, చల్లటి చెమటలు పట్టినా, ఆపి కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయాలి. మనిషి కుప్పకూలి ఊపిరి ఆగిపోతే అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ నిలబడకూడదు, సీపీఆర్, అంటే రెండు చేతులతో ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కడం, మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ 5 సెంటీమీటర్లు దిగేలా. గుండె ఆగాక సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. జిమ్‌లో కూలిపోయిన వాళ్ల వీడియోలు కూడా ఇవే గ్రూపుల్లో తిరుగుతాయి, "అయ్యో పాపం" అంటారు, మర్నాడు అదే గ్రూపులో "నొప్పి అంటే ఆపేవాడిని మార్చేయండి" అని పంపుతారు. ఆపడం చేతకాని ట్రైనర్‌ని మార్చండి. దయచేసి ఈ ఒక్క ముక్క పది మందికి పంపండి.

మూడోది చెమట. "ఎంత చెమట పట్టిస్తే అంత కొవ్వు కరుగుతుంది." మే నెలలో మా విజయవాడలో ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట పడుతుంది, ఎవరి నడుమూ తగ్గదు. చెమటతో పోయిన బరువు నీళ్లు తాగగానే తిరిగొస్తుంది. 10 కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరి ద్వారానే బయటికి పోతుంది.

నాలుగోది, "రోజూ కొత్త ఎక్సర్‌సైజ్ చేయించాలి, కండరాన్ని షాక్ చేయాలి". రోజూ మార్చేస్తే పోయిన నెల కంటే ఈ నెల బలం పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? ట్రైనర్ చేతిలో ఒక నోట్‌బుక్ ఉందా, అందులో మీ బరువులు, రెప్స్ తేదీలతో సహా రాసి ఉన్నాయా, అది చూడండి చాలు.

ఐదు, ఆరు కలిపి చెబుతాను, ఎందుకంటే అవి ఒకే దారిలో రెండు మెట్లు. ఐదోది, "డైట్ చార్ట్, పౌడర్ అన్నీ ట్రైనరే ఇవ్వాలి". ఆరోది, "తెలిసిన ట్రైనర్ దగ్గరుండి ఇస్తే సైకిల్ సేఫ్". సైకిల్ అంటే కండల కోసం కొన్ని వారాల పాటు స్టెరాయిడ్లు ఎక్కించుకోవడం. ముందు ఒకటి ఒప్పుకుంటాను, మన తిండిలో ప్రొటీన్ తక్కువన్న మాట నిజం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పొద్దున ఇడ్లీ చట్నీ, మధ్యాహ్నం అన్నం పప్పుచారు, రాత్రి రెండు చపాతీలు, అంతే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క ఒంటి బరువు కిలోకి రోజుకి 0.83 గ్రాములు, బరువులెత్తేవాళ్లకి ఇంకా ఎక్కువే కావాలి. కాబట్టి గుడ్లు, పెరుగు, చేపలు, పప్పు, సెనగలు పెంచమని ట్రైనర్ చెప్పడంలో తప్పు లేదు. కానీ అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని కూడా చెప్పింది. నేను అంత గట్టిగా చెప్పను, తిండితో అందనివాళ్లకి పౌడర్ పనికొస్తుంది. అయితే డబ్బా అమ్మితే కమీషన్ వచ్చే మనిషి మీకు డబ్బా అవసరమో కాదో తేల్చకూడదు. కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకి డైట్ చార్ట్ రాయడం మా పనే కాదు, అది డాక్టరుది, డైటీషియన్‌ది.

సైకిల్ సంగతి మాత్రం నెమ్మదిగా చెప్పే ఓపిక నాకు లేదు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే ఒళ్లు తన సొంత తయారీ ఆపేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, గుండె గోడలు మందమవుతాయి. ట్రైనర్ పక్కన నిలబడితే ఇందులో ఏది ఆగుతుంది? హైదరాబాద్‌లో పోలీసులు జిమ్‌లకి వెళ్లే కుర్రాళ్లకి మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు అమ్ముతున్నవాళ్లని ఎన్నిసార్లు పట్టుకున్నారో వార్తల్లో చూసే ఉంటారు. ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చాక బీపీ పడిపోతే ఎక్కించే మందు అది! దాన్ని బెంచ్ ప్రెస్ ముందు ఎక్కించుకుంటున్నారు. సిరంజి పట్టుకున్న ట్రైనర్ ఎంత తెలిసినవాడైనా, ఎంత మంచిగా "అన్నా" అని పిలిచినా, అదే రోజు ఆ జిమ్ మానేయండి.

ఏడోది, "ఆడవాళ్లకి బరువులు ఇచ్చే ట్రైనర్ వద్దు, మగవాళ్లలా అయిపోతారు". నిండు గ్యాస్ బండ సుమారు 30 కిలోలు. దాన్ని గుమ్మంలోంచి వంటగదిలోకి దొర్లించుకుపోయే ఆవిడ చేతిలో ఒక కిలో డంబెల్ పెట్టి జాగ్రత్త అంటారు. మగవాళ్లంత టెస్టోస్టెరాన్ ఆడవాళ్లకి ఉండదు, అనుకోకుండా కండలు వచ్చిపడవు. నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారకుండా చేయగలిగిన వాటిలో బరువులెత్తడం ఒకటి. శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, రెండూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. పాతికేళ్లయినా మనం ఇంకా ఇక్కడే ఉన్నామంటే నాకు నిజంగా బాధగా ఉంది.

ఎనిమిదోది చదివినప్పుడు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది: "సర్టిఫికెట్ కాగితం ముక్క, దానితో పని లేదు." మన దగ్గర ట్రైనర్‌కి ప్రభుత్వ లైసెన్స్ అక్కర్లేదు, ఇవాళ టీషర్ట్ వేసుకుంటే రేపు ట్రైనర్, ఉన్న ఆ ఒక్క కాగితం కూడా అడగొద్దంటే ఎలా అని రాయబోయాను. కానీ రాత్రంతా ఆలోచిస్తే ఇందులో సగం నిజమే అనిపించింది. నా మొదటి ఏడాది, సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్న కొత్తలో, యాభై దాటిన ఒకావిడ వచ్చేవారు. షుగర్ మాత్రలు వేసుకునేవారు, పరగడుపున చేస్తే కొవ్వు బాగా కరుగుతుందని ఎవరో చెప్తే ఏమీ తినకుండా వచ్చేవారు. ఒకరోజు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. నేను అలసట అనుకుని "ఇంకొక్క సెట్ ఆంటీ" అన్నాను. పక్కనున్న వాళ్లమ్మాయి పరుగెత్తుకొచ్చి నోట్లో పంచదార వేసింది. షుగర్ పడిపోతే కనిపించే ఆ లక్షణాలు నా పరీక్షలో వచ్చిన ప్రశ్నే, సరైన జవాబే రాశాను. కాబట్టి కాగితం సరిపోదు, అది నాకంటే బాగా ఎవరికీ తెలియదు. కాగితం అడగండి, సీపీఆర్ శిక్షణ ఎప్పుడు తీసుకున్నారో అడగండి, రెండేళ్లు దాటితే మళ్లీ తీసుకోవాలి. తర్వాత మీరు చేరిన రోజు ఆ ట్రైనర్ మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టుకోండి. గుండె జబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, కీళ్ల సమస్య ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఇవేవీ అడగకుండా ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే దిగి వచ్చేయండి.

బాబాయ్, ఇంత ఎందుకు రాశానంటే, బీపీ మాత్రల్లో ఒక రకం గుండె వేగాన్ని పెరగనివ్వవు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి. అవి వేసుకునేవాళ్లు ఎంత కష్టపడుతున్నా మెషిన్ మీద అంకె తక్కువే చూపిస్తుంది, తెలియని ట్రైనర్ "ఇంకా పెంచు సార్" అంటాడు. ఇంకో రకం వేసుకుంటే వర్కౌట్ ఠక్కున ఆపగానే కళ్లు తిరగొచ్చు, చివర్లో ఐదు పది నిమిషాలు నెమ్మదిగా నడవాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకు. నువ్వు ఏ మాత్ర వేసుకుంటున్నావో నాకు తెలీదు, ఇన్నేళ్లలో నేనూ అడగలేదు. రేపు స్ట్రిప్ ఫోటో తీసి పంపు, చేరే ముందు ఒకసారి డాక్టర్ గారికి కూడా చెప్పు, మొదటి రోజు నేనూ నీతో జిమ్‌కి వస్తాను.