ఆ పాము మెలికల బొమ్మ ఇక చాలు

ధ్వని గురించి ఏ వీడియో తెరిచినా, ఏ పాఠం తీసినా మొదట కనిపించేది పైకీ కిందకీ మెలికలు తిరిగే ఒక గీత. స్పీకర్లోంచి బయలుదేరి పాములా చెవిలోకి దూరిపోతుంటుంది. ఈ బొమ్మంటే నాకు ఒళ్లు మంట. ఇది గ్రాఫ్ మాత్రమే, ధ్వని ఆకారం కాదు అని పక్కన ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

బేస్ బాగా పెంచి స్పీకర్ కోన్‌ని దగ్గర్నుంచి చూడండి. ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. ముందుకొచ్చినప్పుడు ఎదురుగా ఉన్న గాలి నొక్కుకుపోతుంది, వెనక్కెళ్లినప్పుడు పలచబడుతుంది. ఆ నొక్కుడు పక్క పొరకి, అక్కణ్నుంచి ఆ పై పొరకి అందుతూ పోతుంది. క్యూలో వెనకాల ఎవరో తోస్తే ఆ తోపు ముందున్నవాళ్ల దాకా వస్తుంది, తోసిన మనిషి మాత్రం తన చోటే ఉంటాడు. ఇదీ అంతే. గాలి అణువులు ధ్వని వెళ్లే దిశలోనే ముందుకూ వెనక్కూ ఊగుతాయి, అందుకే ఇది అనుదైర్ఘ్య తరంగం. ఆ గీత చెప్పేది ఎక్కడ ఒత్తిడి ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్న లెక్క.

పోనీ ఆ మార్పైనా పెద్దదా? మామూలుగా మాట్లాడుకునేటప్పుడు 0.02 పాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనం లక్ష పాస్కల్ పైమాటే. అంటే 50 లక్షల్లో ఒక వంతు! ఆ మాటలో 1000 హెర్ట్జ్ (అంటే సెకనుకి వెయ్యి ఊపులు) దగ్గర గాలి ఊగేది మిల్లీమీటరులో సుమారు లక్షో వంతు. బొమ్మలో మాత్రం గీత మనిషి తలకాయంత ఎత్తు లేస్తుంది.

అది చూసి చూసి, గట్టిగా అరిస్తే శబ్దం తొందరగా చేరుతుందనుకునేవాళ్లు బోలెడుమంది. అదే నిజమైతే దూరంగా కూర్చున్నవాళ్లకి డ్రమ్స్ ముందొచ్చి, ఫ్లూట్ తర్వాత తీరిగ్గా రావాలి. పాట కిచిడీ అయిపోదూ? 20 డిగ్రీల గాలిలో గుసగుసైనా కేకైనా సెకనుకి సుమారు 343 మీటర్లే. వేడి పెరిగితే వేగం కొంచెం పెరుగుతుంది. నీళ్లలో 1480 దాకా, ఉక్కులో 5000 పైన. ఉక్కు బరువు కాబట్టి కాదు, నొక్కితే లొంగదు కాబట్టి. బరువు నిజానికి వేగాన్ని తగ్గిస్తుంది. దీన్ని తలకిందులుగా చెప్పే వీడియోల గురించి ఇంకో పోస్టే రాయాలి.

తరంగదైర్ఘ్యాన్ని, అంటే ఒక నొక్కుడుకీ తర్వాతి నొక్కుడుకీ మధ్య దూరాన్ని, కూడా పరీక్షకి బట్టీ పట్టించి వదిలేస్తారు. 100 హెర్ట్జ్ బేస్‌కి అది దాదాపు మూడున్నర మీటర్లు, 10,000 హెర్ట్జ్‌కి మూడున్నర సెంటీమీటర్లు. స్తంభం అడ్డొస్తే, దానికన్నా పొడవైన బేస్ తరంగం చుట్టి వచ్చేస్తుంది, పొట్టిదైన సన్నని కీచు శబ్దం చాలావరకు అక్కడే ఆగుతుంది. ఇంత చక్కటి సంగతిని వదిలేసి శృంగం (గీత శిఖరం), ద్రోణి (గీత పల్లం) అని బాణం గుర్తులు పెట్టిస్తారు.

అసలు ఈ నొక్కుడు సంగతి పూర్తిగా పట్టుకోకపోతే లెక్కే తేలదు. 1687లో న్యూటన్ గాలిలో ధ్వని వేగం లెక్కగట్టాడు, కొలిచినదానికన్నా సుమారు 15 శాతం తక్కువ వచ్చింది. నొక్కినా పలచబడినా గాలి ఉష్ణోగ్రత మారదన్న లెక్కతో వెళ్లాడు మరి. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడి పక్కకి జారుకునేంత సమయం తరంగం ఇవ్వదు, దాంతో గాలి ఇంకాస్త బిగుస్తుంది. 1816లో ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ ఇది కలిపి సవరించాకే లెక్క కొలతతో కలిసింది.