కేబుల్ స్పోర్ట్స్ ఛానల్ వారికి బిల్లు కట్టేవాడు రాయునది

మహారాజశ్రీ కేబుల్ స్పోర్ట్స్ ఛానల్ వారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మాకన్నా క్షేమంగా ఉన్నారని మొన్న ఆదివారం మ్యాచ్‌లో వేసిన ప్రకటనల్ని బట్టి గ్రహించి సంతోషించాను.

ఆ మ్యాచ్ గురించే ఈ ఉత్తరం. ఆఖరి ఓవర్లు. బంతి బ్యాటు అంచుకు తాకినట్టే ఉంది. కీపర్ గాల్లోకి ఎగిరాడు. అంపైర్ వేలు సగం దాకా లేచింది. మిగతా సగం నేను చూడలేదు. ఆ వేలు ఉండాల్సిన చోట ఒక సినిమా హీరో యాలకుల పొట్లం చింపుతూ ప్రత్యక్షమయ్యాడు. యాలకులే సుమండీ! ఆ పొట్లం మీదున్న పేరు చెబితే కిళ్ళీ కొట్టువాడు ఏం తీసిస్తాడో మా వీధిలో పిల్లలక్కూడా తెలుసు. హీరో నమిలాడు, నవ్వాడు, వెళ్ళాడు. వెనకే సిమెంటు వచ్చింది. దాని వెనక, రేపు రాత్రి తమరు ఏం వేయబోతున్నారో చెప్పే తమరి సొంత డప్పు. తిరిగొచ్చేసరికి కొత్త బ్యాటరు మొదటి బంతి ఆడేశాడు, బంతి తాడు దాటేసింది, తమరి కామెంటేటరు గారు "ఏం కొట్టాడండీ!" అని అరుస్తున్నారు.

అదే నేనూ అడుగుతున్నాను. ఏం కొట్టాడండీ?

తమరి లెక్కలో క్రికెట్టంటే బౌలర్ చేతిలోంచి బంతి వదిలాక ఓ రెండు మూడు క్షణాలు. మిగతాదంతా ఖాళీ, అద్దెకిచ్చుకోవచ్చు. చిన్న జ్ఞాపకం చేయనివ్వండి. 2023 నవంబరు 6, ఢిల్లీ, ప్రపంచ కప్పు. శ్రీలంక వికెట్ పడింది, ఏంజెలో మాథ్యూస్ నడిచొచ్చాడు, హెల్మెట్ పట్టీ ఊడింది, ఇంకోటి తెమ్మని సైగ చేశాడు, ఈలోపు బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అప్పీలు చేశాడు, అంపైరు అవుటిచ్చాడు. ఒక్క బంతీ ఆడకుండానే! అంతర్జాతీయ క్రికెట్లో టైమ్డ్ అవుట్, అంటే గడువులోగా బంతికి సిద్ధం కాలేదని అవుటివ్వడం, అదే మొదటిసారి. ఆ కథంతా ఎక్కడ జరిగింది? వికెట్ పడ్డాక తరువాతి బంతి పడేలోపు, సరిగ్గా తమరు ఖాళీ అనుకుంటున్న చోట.

ఇంకా దగ్గరిది కావాలంటే 2025 ఆగస్టు 4, లండన్ ఓవల్ మైదానం చూడండి. ఇంగ్లండ్ తొమ్మిదో వికెట్ పడింది. భుజం జారిన క్రిస్ వోక్స్ ఎడమ చేతిని స్వెట్టర్ లోపల కట్టుకుని, కుడి చేత్తో బ్యాటు పట్టుకుని మెట్లు దిగొచ్చాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. కాసేపటికి మన హైదరాబాద్ సిరాజ్ అట్కిన్సన్ స్టంపు లేపాడు, 6 పరుగులతో గెలిచాం, సిరీస్ 2-2. వోక్స్ ఆ టెస్టు నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక్క బంతి కూడా ఎదుర్కోలేదు. స్కోరుకార్డులో అతని పేరు పక్కన సున్నా ఉంటుంది. చూసినవాడికి గుర్తుండేది మాత్రం ఆ నడకే. అలాంటి నడకల మీద తమరు సిమెంటు పోస్తున్నారు.

అవుటైనవాడు అవతలి ఎండ్‌లో ఉన్నవాణ్ణి రివ్యూ సంగతి అడిగాడా, తల అడ్డంగా ఊపించుకుని వెళ్ళాడా? బౌలర్ ఎవరివైపు పరిగెత్తాడు? కెప్టెన్ స్లిప్ ఫీల్డర్ని తీశాడా, పెట్టాడా? ఒకప్పుడు ఇవన్నీ తెరమీద కనిపించేవి, వాటి గురించే మా అరుగుల మీద మర్నాడు మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు మా అరుగుల మీద ఏ ప్రకటన పాట బాగుందో మాట్లాడుకుంటున్నారు. విస్తరి ముందు కూర్చోబెట్టి, ముద్ద కలిపాక విస్తరి లాగేసి, చెయ్యి కడుక్కునే వేళకి మళ్ళీ వేసే మర్యాద తమరిది.

అంతర్జాతీయ క్రికెట్ మండలి, ఐసీసీ వారికి ఈ ఆలస్యాల సంగతి బాగా తెలుసు. 2024 నుంచి వన్డేల్లో, టీ20ల్లో స్టాప్ క్లాక్ శాశ్వతం చేశారు. ఓవర్ అయ్యాక 60 సెకన్లలో ఫీల్డింగ్ జట్టు తరువాతి ఓవర్‌కి సిద్ధం కావాలి. రెండు హెచ్చరికలు దాటితే 5 పరుగుల జరిమానా. ఎండలో పరిగెత్తి అలిసిపోయిన మనిషికి జరిమానా ఉంది. చల్లటి గదిలో మీట నొక్కే తమరికి ఎందుకుండకూడదు? ప్రకటన నుంచి ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ నా బిల్లులోంచి 5 రూపాయలు తగ్గించండి. ఒక్క ఐపీఎల్ సీజన్ గడిస్తే తమరే నాకు బాకీ పడతారు.

కేబుల్ నెట్‌వర్క్ రూల్స్‌లో ప్రకటనలు గంటకు 12 నిమిషాలు దాటకూడదని రాసి ఉంది. అందులో 10 వ్యాపారానివి, 2 సొంత డప్పువి. ఓవర్లు నడుస్తుండగా తెరను ఒక మూలకి నొక్కేసి, చుట్టూ బనియన్లు ఆరేస్తారు చూడండి, అది ఏ లెక్కలోకి వస్తుందో తమరి లాయరు గారిని అడిగి చెప్పండి.

ఇంకోటి కూడా ఉంది. డబ్బులు కాసే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అయినా మీ టీమ్ మీరే కట్టుకోండి, కోటీశ్వరులైపోండి అనే ప్రకటనలతో ఏళ్ళ తరబడి మాకు బోధించారు. చట్టప్రకారం మేము ఆడకూడని ఆట కోసం, మేము చూస్తున్న ఆటని కోశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం తెచ్చాక గానీ ఆ పీడ వదల్లేదు. ఆ ఖాళీలోకి ఇప్పుడు యాలకులు వచ్చాయి.

తమరి కష్టం నాకు తెలీనిది కాదు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ హక్కులు, టీవీవీ, ఫోన్లవీ, విదేశాలవీ కలిపి, 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అంటే మ్యాచ్‌కి దాదాపు 118 కోట్లు. అది రాబట్టుకోవాలి కదా. కానీ స్వామీ, వేలంపాటలో చెయ్యెత్తమని మిమ్మల్ని నేను పంపలేదు. పంపి ఉంటే, అంత దూరం పోవద్దని చెప్పి పంపేవాణ్ణి.

పోనీ, తమరికి కొత్తగా వచ్చిన పోటీ సంగతి చూద్దాం. మా మేనల్లుడు టీవీ వంక చూడడు. ఫోన్‌లో చూస్తాడు, అదీ మ్యాచ్ కాదు, వికెట్లు, సిక్సర్లు మాత్రమే, బొటనవేలితో పైకి తోసుకుంటూ. వాణ్ణి తప్పుపట్టలేను. మీరు చూపిస్తున్నది కూడా అంతే కదా, వాడు మధ్యలో ప్రకటనలు లేకుండా చూస్తున్నాడు. కానీ ఫోన్‌లో లైవ్ అంటే పేరుకే లైవ్. కేబుల్ కన్నా ఎంతో కొంత వెనకబడే ఉంటుంది, ఒక్కోసారి అర నిమిషం. పక్కింటి టీవీలోంచి కేక వినిపించాక వీడి ఫోన్‌లో బౌలర్ పరుగు మొదలెడతాడు. అంటే ఈ భూమ్మీద బంతి పడిన క్షణానికి అందరికన్నా దగ్గరగా ఉన్నది ఇప్పటికీ మీరే. మీ చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆస్తి అది. దాన్ని ఏం చేస్తున్నారు? బంతి పడ్డాక తిరిగొస్తున్నారు! అందరికన్నా ముందుండే తీగ మీ దగ్గరుంటే, దాన్ని అందరికన్నా ఆలస్యంగా తెరుస్తున్నారు. ఇంతకన్నా తెలివితక్కువ వ్యాపారం ఎవరైనా చేస్తారా? ఏమయ్యా, నిన్నే. నీ చేతులారా నీ గొంతు నువ్వు నొక్కుకుంటూ, జనం కేబుల్ కోసేస్తున్నారని ఏడిస్తే ఎవరికి జాలేస్తుంది? ఒక్క బంతి. ఓవర్‌లో మొదటి బంతి. అది కూడా చూపించలేనివాడివి స్పోర్ట్స్ ఛానల్ ఎలా అయ్యావు? యాలకుల ఛానల్ అని పెట్టుకో, మధ్యలో కాస్త క్రికెట్ వేస్తున్నావని మేమే సంతోషిస్తాం.

సరే, నీళ్ళు తాగొచ్చాను.

దూరదర్శన్ ముచ్చట కూడా తేల్చేస్తాను. 1995లో సుప్రీంకోర్టు గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. క్రికెట్ ప్రసారాల కేసే అది, ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు కూడా ఉన్నారు. 2007లో చట్టం వచ్చింది, జాతీయ ప్రాధాన్యం ఉన్న మ్యాచ్‌ల సిగ్నల్ దూరదర్శన్‌తో పంచుకోవాలని. బాగుంది. ఆ పంచుకున్న మ్యాచ్ దూరదర్శన్ సొంత యాంటెన్నాకీ ఫ్రీ డిష్‌కీ మాత్రమే, కేబుల్ వాళ్ళకి కాదని హక్కుదారులు కోర్టుల్లో వాదించి, 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి నెగ్గారు. ఫలితం ఏమిటంటే, ఊళ్ళో మా పెదనాన్న నెలనెలా పైసా కట్టకుండా ఫ్రీ డిష్‌లో ఇండియా మ్యాచ్ చూస్తాడు. నెలనెలా బిల్లు కట్టే నా ఇంట్లో అదే దూరదర్శన్, అదే సమయానికి, ఇంకేదో చూపిస్తుంది. పెదనాన్న ఫోన్ చేసి స్కోరు చెబుతాడు. ఆ గొంతులో ఆనందం స్కోరు వల్ల మాత్రమే కాదు.

2019లో టెలికాం, టీవీ ఛానళ్ళ నియంత్రణ సంస్థ ట్రాయ్ వారు వచ్చి, నచ్చిన ఛానలే ఏరుకోండి, దానికే కట్టండి అన్నారు. ఏరుకుందామని కూర్చుంటే ముందు కనెక్షన్‌కే 130 రూపాయలు, దాని మీద జీఎస్టీ, ఆ తర్వాత ఛానళ్ళ ధరలు. స్వదేశంలో ఆడితే ఒక గుంపు ఛానళ్ళు, ఇంగ్లండ్ వెళ్తే ఇంకో గుంపు. 2025 ఇంగ్లండ్ పర్యటనకైతే టీవీ ఒక కంపెనీది, ఫోన్ ఇంకో కంపెనీది. అదే జట్టు, అదే బంతి! హెచ్‌డీకి వేరే ధర. ఇక మన బ్యాడ్మింటన్ డబుల్స్ జోడీ సాత్విక్, చిరాగ్ తొలి రౌండ్ ఆడుతుంటే తమరు ఏ 2011 నాటి మ్యాచో ముప్పయ్యోసారి తిప్పుతుంటారు. అమలాపురం కుర్రాడు సాత్విక్ ప్రపంచంలో ఎవరితో ఆడుతున్నాడో తెలుసుకోవాలంటే మళ్ళీ యూట్యూబే గతి.

తెలుగు కామెంటరీ తెచ్చారు, అది మాత్రం ఒప్పుకోవాలి. మా అమ్మకి గూగ్లీ అంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది మీవల్లే. అయితే ఆట పట్టాలెక్కిన సమయానికి కొత్త సినిమా వాళ్ళని పట్టుకొచ్చి, వాళ్ళ షూటింగ్ కబుర్ల మధ్య వికెట్ పడినప్పుడు "ఓహో, అవుటా?" అనిపించడం ఆపండి. ఆ పాటి ప్రశ్న మేమే వేసుకోగలం.

ఇవన్నీ పోనివ్వండి. ఒక్కటి చెయ్యండి చాలు. వికెట్ పడ్డాక ఆ మనిషి బౌండరీ తాడు దాటేదాకా కెమెరా తిప్పకండి. ఆ తర్వాత కొత్తవాడు గార్డు తీసుకునేలోపు మీ యాలకులు, సిమెంటు, బనియన్లు ఎన్ని పడితే అన్ని వేసుకోండి, నేను ఒక్క మాట అనను. వాడు స్టాన్స్ తీసుకునేసరికి మాత్రం వెనక్కి రండి.

అప్పటిదాకా మిమ్మల్ని తీసేయమని కేబుల్ అబ్బాయికి చెప్పాను. "తీసేస్తాను సార్, కానీ మీ ప్యాక్‌లో స్పోర్ట్సూ అమ్మగారు చూసే సీరియల్ ఛానలూ ఒకే బొకే, అంటే ఒకే కట్ట. ఇది పోతే అదీ పోతుంది. విడిగా ఆ ఒక్కటే పెట్టించుకోవచ్చు, లెక్కేస్తే మీకు పెద్దగా మిగిలేదేం లేదు" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ ఆ మాట విన్నది. "ఏమిట్రా పోయేది?" అంది.

ఏమీ పోలేదు. మీరు వచ్చే నెల కూడా ఉన్నారు. అది మీ గొప్ప అనుకోకండి.

ఇట్లు,
మీ ప్యాక్‌లో ఇరుక్కున్న
ఒక చందాదారుడు