గుసగుసల గిన్నె

మా మామగారికి చెవుడు. అదీ ఓ రకం చెవుడు. వంటింట్లో పకోడీ నూనెలో పడ్డ చప్పుడు వినపడుతుంది, "టీవీ సౌండ్ కాస్త తగ్గించండి" అన్నది వినపడదు.

నాలుగు రోజులుండి పోతానని సామర్లకోటలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై వచ్చారు. ఇప్పుడు ఐదో వారం. మాది వన్ రూమ్ కిచెన్. "తిరుగు టికెట్ చేయించమంటారా?" అని అరిచి అడిగితే, "ఆఁ, చట్నీ కూడా వెయ్యమను" అంటారు.

ఆదివారం పిల్లాడి పోరు పడలేక అందరం వర్లీలో నెహ్రూ సైన్స్ సెంటర్‌కి వెళ్లాం. భవనం తెరిచింది 1985లోనే అయినా, బయటి సైన్స్ పార్క్ అంతకు ముందే, అంతర్జాతీయ బాలల సంవత్సరమైన 1979లోనే మొదలైంది. అందులో పాత ఆవిరి ఇంజన్ ఒకటుంది. మామగారు దాన్ని నిమిరి నిమిరి చూశారు. నాకూ ఆశ పుట్టింది గానీ, దాని పట్టాలు సామర్లకోట దాకా లేవు.

ఆ పక్కనే గుసగుసల గిన్నెలు. మనిషెత్తు డిష్‌లు రెండు, దూరదూరంగా, ఎదురెదురుగా. మామూలుగా మాట నలుదిక్కులా చెదిరి పల్చబడిపోతుంది. ఈ గిన్నె ఎదుట సరైన చోట నోరు పెట్టి గొణిగితే, పరావలయం (పారబోలా) వంపుకి తగిలి తిన్నగా అవతలి గిన్నెకి పోతుంది. అది మళ్లీ అంతా ఒక్కచోట పోగేసి చెవిలో పోస్తుంది. ఇదంతా మావాడికి చేతులు తిప్పుతూ చెప్పాను. నమ్మానా అంటే, లేదు.

అవతలి గిన్నె దగ్గర మామగారు చెవి ఒగ్గి నిలబడ్డారు. ఆయనకేం వినపడుతుంది లెమ్మని, ఐదు వారాలుగా కడుపులో ఉన్నది కక్కేశాను. "మామయ్యగారూ, టికెట్ తీసేదా? పది రోజులుగా వంటింట్లో గ్యాస్ బండ పక్కన పడుకుంటున్నాను."

అవతల ఆయన మెల్లగా మొహం గిన్నె వైపు తిప్పారు. నా చెవి పక్కనే కూర్చుని చెప్పినట్టు వచ్చింది మాట.

"తియ్యండి అల్లుడుగారూ. లోయర్ బెర్త్. సైడ్ లోయర్ మాత్రం వద్దు, కాళ్లు పట్టవు."

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో మా ఆవిడ, "ఏంటి నాన్నా, మీరూ ఈయనా అంతసేపు మాట్లాడుకున్నారు?" అని అడిగింది.

మామగారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఆఁ?"