రంపపు పళ్ల సైన్ గ్రాఫ్: తప్పు ఎక్సెల్‌ది కాదు

"ఎక్సెల్‌కు సైన్ గ్రాఫ్ గీయడం కూడా చేతకాదు" అంటూ, నున్నటి అల రావాల్సిన చోట రంపపు పళ్లు వచ్చిన బొమ్మ ఒకటి తెగ తిరుగుతోంది. దాని వెంట మూడు మాటలు: ఎక్సెల్ లెక్క తప్పుతోంది, దశాంశాలు చాలడం లేదు, 'స్మూత్' గీత పెడితే సరిపోతుంది.

లెక్క తప్పలేదు, అడిగిన తీరే తప్పు. ఒక వరుసలో 0, 10, 20, 30 అని డిగ్రీలు వేసి, పక్క గడుల్లో నేరుగా సైన్ ఫార్ములా రాశారు. ఎక్సెల్ ఆ అంకెలను రేడియన్లుగానే తీసుకుంటుంది (రేడియన్ కోణానికి మరో కొలత; 360 డిగ్రీలంటే దాదాపు 6.28 రేడియన్లు). 10, 20, 30 రేడియన్ల సైన్ విలువలు వరుసగా −0.544, 0.913, −0.988. రేడియన్లలో పెట్టిన ఏ కాలిక్యులేటర్‌ను అడిగినా ఇవే చెబుతుంది. ఒక అల 6.28 రేడియన్లకే పూర్తవుతుంటే 10 చొప్పున అంగలు వేశాక రంపం రాక ఏమొస్తుంది? డిగ్రీలను 'రేడియన్స్' ఫంక్షన్‌తో మార్చి ఇవ్వండి, 0.174, 0.342, 0.5 అని బుద్ధిగా వస్తాయి.

అలా సరిచేశాక కూడా గీతలో మూలలు కనిపించవచ్చు. దానికి దశాంశాలను నిందించడం అన్యాయం. ఎక్సెల్ 15 అంకెల వరకు పట్టుకుంటుంది. చార్టు ఎత్తేమో తెరపై కొన్ని వందల పిక్సెళ్లు. పదిహేనో అంకెలో తేడా కంటికి ఆనదు. అసలు సంగతి, చార్టుకు మీ ఫంక్షన్ ఏమిటో తెలియదు. ఇచ్చిన బిందువులను తిన్నటి గీతలతో కలుపుతుంది, అంతే. 30 డిగ్రీలకొక బిందువు ఉంటే గీత అసలు వక్రానికి 0.03 దాకా దూరం జరుగుతుంది; 10 డిగ్రీలకొకటి ఉంటే 0.004 దాటదు. అంగ సగమైతే తేడా దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

దశాంశాలే దోషులయ్యే సందర్భం లేకపోలేదు. ఒకటిలోంచి కాస్ ఎక్స్ తీసేసి, ఎక్స్ వర్గంతో భాగించి చూడండి. ఎక్స్ 0.00000001 దరిదాపుల్లో ఉన్నప్పుడు జవాబు 0.5 దగ్గరే నిలవాలి. గ్రాఫ్ మాత్రం 0కూ 1కీ మధ్య ఎగిరిపడుతుంది. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేయడంతో పనికొచ్చే అంకెలన్నీ కొట్టుకుపోతాయి. కానీ ప్రచారంలో ఉన్న బొమ్మ ఇది కాదు.

ఇక 'స్మూత్' గీత. అదీ ఆ బిందువుల గుండానే వంపులు తిప్పుతుంది. తప్పు విలువలపై పెడితే నున్నటి తప్పు అల వస్తుంది. ఎక్స్ పరమ మూల్యం (రుణ గుర్తు తీసేసిన విలువ) గ్రాఫ్‌కు సున్నా దగ్గర ఉండాల్సిన పదునైన మొనను గుండ్రంగా చెక్కేస్తుంది. చేయాల్సింది బిందువులు పెంచడం, 'లైన్' బదులు, ఎక్స్ విలువలను వాటి అసలు దూరాల్లో ఉంచే 'స్కాటర్' చార్టు ఎంచుకోవడం. లైన్ చార్టు ఎక్స్ విలువలను మామూలుగా లేబుళ్లలా చూస్తుంది. 0, 1, 5, 20 ఇచ్చినా సమాన దూరాల్లో పేర్చేస్తుంది.